గాలి మడుగు, భుజం బావి

బరువు 41

పొద్దున ఏడో వరుస ఇళ్లకు నీళ్లు సరిగా రావడం లేదని కబురొస్తే నిచ్చెన వేసుకుని ఎక్కాను. గొట్టం పగల్లేదు. దాన్ని పట్టి ఉంచే కొక్కెం ఒకటి కిందికి వంగింది. నిన్నటి నుంచి ఈ ఆకాశపు ఓడ బొంగరంలా తిరిగే వేగం పెంచారు. వేగం పెరిగితే లోపలున్న ప్రతిదానికీ బరువు పెరుగుతుంది, గొట్టంలో నీళ్లకు కూడా. మేం దిగబోయే కొత్త నేల మీద ఉండే బరువును నూరు అనుకుంటే నేను పుట్టి పెరిగిందంతా నలభైలోనే. మా అమ్మా అంతే. ఇక వారం వారం పెంచుకుంటూ పోతారు. నూరుకు వచ్చేసరికి ఓడ నేల దగ్గరికి చేరుతుంది. అక్కడి నుంచి పడవల్లో దిగుతాం.

ఒక్క పాలు పెరిగితే ఏం తెలుస్తుందిలే అని మా వరుసలో అందరూ నవ్వుకున్నారు. నాకు తెలిసింది. తల వెనక్కి వాల్చి కొక్కెం సరిచేస్తుంటే మెడ ఎడమ పక్క నుంచి భుజం దాకా ఎవరో తీగ పట్టి లాగినట్టయింది. ఈ నొప్పి నాకు కొత్త కాదు. పెళ్లికి ముందు నుంచీ తల పైకెత్తి గొట్టాలు అతికే పనే చేస్తున్నాను. లేవగానే తల ఒక పక్కకే తిరుగుతుంది, వేడినీళ్లు పోసుకున్నాక రెండో పక్కకు తిరుగుతుంది. దానితోనే కాపురం చేస్తున్నాను. కానీ ఇవాళ్టి నొప్పి సాయంత్రానికి కూడా పోలేదు.

మా ఆయన మద్దిలేటి మా అంతస్తు వంటశాలలో వంటవాడు. అన్నం తింటూ చెప్పాను.

"ఒక్క పాలుకే ఇట్లయితే నూరుకు ఏమైతావు మే?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ తర్వాత నా కంచం తనే కడిగాడు.

బరువు 48

ఆడవాళ్లు జడలు కోయించుకుంటున్నారు. తడి జుట్టు ఇంత బరువుంటుందని ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు. నేనూ కోయించుకున్నాను. ఒక పూట హాయిగా ఉంది, అంతే.

డాక్టర్ నస్రీన్ దగ్గరికి వెళ్లాను. మిషన్ కింద పడుకోబెట్టి చూసింది. ఎముకలు బాగానే ఉన్నాయట. నరాలు ఎక్కడా నొక్కుకోలేదట. ఏళ్ల తరబడి బిగుసుకున్న కండరాలు ఇక సడలడం మరిచిపోయాయని చెప్పింది.

"మొద్దు పట్టీ ఇవ్వమంటే ఇస్తాను. మెడకు అంటించుకుంటే నొప్పి తెలియదు. కానీ దాంతో పడవ ఎక్కడానికి లేదు" అంది.

"ఏంటికి డాక్టరమ్మా?"

"పడవ దిగేటప్పుడు కాసేపు బరువు రెండు వందలు దాటుతుంది. మొద్దుబారిన మెడ తలను ఆపలేదు. ఏదైనా కుదుపు వస్తే విరిగిపోతుంది. అందుకే ముందు కుర్చీ పరీక్ష పెడుతున్నారు."

కుర్చీ పరీక్ష గురించి అందరికీ తెలుసు. పడవ సీటు లాంటి కుర్చీలో కట్టి గిరగిరా తిప్పుతారు. ఆ బరువులో తల కుడికీ ఎడమకూ తిప్పి, వెలిగిన దీపం ఏ రంగుదో చెప్పాలి. చెప్పలేనివాళ్లు దిగరు. ఓడ నడిమధ్యన బరువే ఉండని గదులున్నాయి. ముసలివాళ్లతో పాటు అక్కడ ఉండిపోవాలి. పడవలు ఒక్కసారే వెళతాయి.

నేను లేచి వస్తుంటే డాక్టరమ్మ ఆపింది. "పైన చైనా వాళ్ల అంతస్తులో కాయ్ షూఫెన్ అని పెద్దావిడ ఉంది. వాళ్ల పాత పద్ధతిలో మర్దన చేస్తుంది. వెళ్లి చూడండి. నేనూ పోతున్నా" అని తన మెడ తడుముకుంది.

బరువు 49

షూఫెన్‌ను చూడగానే గుర్తుపట్టాను. నిమ్మకాయ ఊరగాయ కోసం మా వంటశాలకు వచ్చే మనిషే. డెబ్బై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. ఆమె తెలుగంతా మద్దిలేటి దగ్గర నేర్చుకున్నదే, అందుకే అతను నన్ను పిలిచినట్టే, ఆడా మగా అని లేకుండా అందరినీ "మే" అంటుంది.

"కూర్చో మే" అంది. బల్ల మీద మడిచిన తువ్వాలు పెట్టి దాని మీద నుదురు ఆనించమంది. మెడ మీద చెయ్యి వేస్తుందని నేను బిగదీసుకుని కూర్చున్నాను. ఆమె నా కుడిచెయ్యి తీసుకుంది. చిటికెన వేలి కణుపు కింద, అరచేతి అంచున ఒకచోట గోరు దిగేలా నొక్కి, "ఇప్పుడు తల మెల్లగా తిప్పు. నొప్పి వచ్చే దగ్గర ఆగు" అంది. తిప్పాను. రోజూ ఆగిపోయే చోటు కంటే కొంచెం ముందుకు పోయింది. చేతిని నొక్కితే మెడ ఎట్లా తిరుగుతుందని అడిగితే, "నాకూ పూర్తిగా తెలియదు. మా గురువుకూ తెలియదు. తిరుగుతుంది" అంది.

తర్వాత తన చేతి వెనక భాగాన్ని నా భుజాల మీద దొర్లించడం మొదలుపెట్టింది. రొట్టెల కర్ర ముందుకూ వెనక్కూ పోయినట్టు, ఒకే లయలో. భుజం వేడెక్కింది. అప్పుడు గానీ మెడకు రాలేదు. మెడ కండను వేళ్ల మధ్య పట్టి పైకి లేపుతూ, వదులుతూ, తల కిందికి చేరింది. పుర్రె అంచు కింద రెండు పక్కలా రెండు గుంటలుంటాయి. బొటనవేళ్లు రెండూ అక్కడ ఆనించి పైకి నొక్కింది. కళ్ల వెనక దాకా నొప్పి పాకింది. చేతులు తీసెయ్యమని అరవబోయాను. అంతలో ఏదో కరిగినట్టయింది.

"దీన్ని గాలి మడుగు అంటారు" అంది. భుజం మధ్య ఎత్తు మీద వేలు పెట్టి, "ఇది భుజం బావి" అంది.

"నేను గొట్టాలదాన్నని ఎగతాళి చేస్తాండావా అక్కా?"

"పేర్లు నావి కాదు మే. చాలా పాతవి. మా వాళ్లకు కూడా నీళ్లంటే ఇష్టం."

లేచేటప్పుడు తల తేలిగ్గా ఉంది. ఇక రోగం పోయినట్టేనా అని అడిగాను. ఆమె నవ్వలేదు. తన చేతులు బిగువు మాత్రమే తీస్తాయని, మళ్లీ నిచ్చెనెక్కి అట్లాగే తల వాలిస్తే మళ్లీ బిగుసుకుంటుందని చెప్పింది. గొట్టం కింద చెక్క పలక వేలాడగట్టుకుని, దాని మీద వెల్లకిలా పడుకుని పని చెయ్యమంది. ఇన్నేళ్లలో నాకు తట్టని సంగతి. రోజూ చెయ్యాల్సిన కసరత్తు ఒకటి చూపించింది. గడ్డం లోపలికి లాక్కుని, అరచెయ్యి నుదుటికి ఆనించి, తలా చెయ్యీ ఒకదాన్నొకటి తోసుకోవడం. ఇది డాక్టరమ్మ నేర్పిందట.

బరువు 57

షూఫెన్ గుమ్మం ముందు వరుస వంటశాల వరుస కంటే పొడుగైంది. మా అంతస్తు వాళ్లు, పంజాబీలు, ఓడ నడిపేవాళ్లు, అందరూ మెడలు పట్టుకుని నిలబడుతున్నారు. ఒకతను మెడను ఒక్క విసురుతో తిప్పి టక్కుమనిపించమని పట్టుబట్టాడు. "అది నేను చెయ్యను. ఇప్పుడున్న బరువుకు అసలే చెయ్యను. అదే కావాలంటే ఇంకెక్కడికన్నా పో మే" అని పంపేసింది.

నా వంతు వచ్చినప్పుడు ఆమె చేతులు చూశాను. బొటనవేళ్ల కీళ్లు ఉబ్బి ఉన్నాయి. నొక్కేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టడం వినిపిస్తోంది.

"ఈ చేతులు నూరు దాకా రావు. నేను దిగను చౌడేశ్వరీ. నడిమి గదుల్లో ఉండిపోతానని రాసిచ్చాను" అంది. మామూలు మాటలాగే అంది. "కింద అందరికీ మెడలు నొప్పి పుడతాయి. నువ్వు నేర్చుకో."

"నా మెడే సరిగా లేదు కదా అక్కా. నేను దిగుతానో లేదో."

"దిగేవాళ్లకే నేర్పాలని ఎవరు చెప్పారు?"

మర్నాడు నా చేతికి కొర్రల సంచి ఒకటిచ్చింది. బిగుతుగా కుట్టిన సంచి. దాని మీద బొటనవేలు ఆనించి, మణికట్టు ఆడిస్తూ, వేలు జారకుండా, బరువు తగ్గకుండా కదిలించాలి. ఆమెకైతే ఏడాది పాటు సంచే ఇచ్చారట, మనిషిని ముట్టుకోనివ్వలేదట. నాకు అంత కాలం లేదు. పలక మీద పని ముగించుకుని వచ్చి రోజూ సంచి ముందు కూర్చుంటున్నాను. గొట్టం లోపల నీళ్లు పోతున్నాయో లేదో చెయ్యి ఆనించి చెప్పగలను. అదే తెలివి ఇక్కడా పనికొస్తోంది. వేలితో తొయ్యడం కాదు, వేలితో వినాలి.

బరువు 63

మొదటి పరీక్ష. మద్దిలేటి దీపాలన్నీ చెప్పాడు. నేను కుడివైపు చెప్పాను. ఎడమకు తిప్పబోతే మెడ సగంలో ఆగిపోయింది. దీపం వెలిగింది, ఆరిపోయింది, నేను చూడలేదు. పడవల అధికారి మర్యాదస్తుడే, నీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. ఇంకొక్క పరీక్ష ఉందని, అదే ఆఖరుదని చెప్పాడు.

ఇంటికి వచ్చాక మద్దిలేటి అన్నాడు. "నువ్వు దిగకపోతే నేనూ దిగను. అయిపాయ."

"దిగనంటే ఎట్ల? కింద పొయ్యి పెట్టేది నువ్వే గదా. అంతమందికి ఎవరు వండుతారు?"

"ఎవురో ఒకరు వండుతారు. ఉప్పు తక్కువైతే వాళ్లే నేర్చుకుంటారు."

"నా కోసం నువ్వు ఆగిపోయినావని జీవితమంతా నేను మోయాల్నా?"

"మోయద్దు. గమ్మునుండు."

నేను గమ్మున ఉండలేదు. ఇద్దరం గట్టిగానే అనుకున్నాం. పక్కింటివాళ్లు గోడ తట్టారు. పెళ్లయినప్పటి నుంచీ ఏ గొడవైనా అతనే ముందు నవ్వేవాడు. ఈసారి నవ్వలేదు. తల తిప్పి నా వైపు చూడను కూడా చూడలేదు.

బరువు 70

సంచి చాలు, ఇక మనుషుల మీద చెయ్యమంది షూఫెన్. మొదట ఇంట్లో మనిషి మీద చెయ్యమంది.

మద్దిలేటి వద్దంటే వద్దన్నాడు. తనకు నొప్పే లేదట, ఎందుకట. నేర్చుకోవాలంటే మంచి మెడ ఎట్లా ఉంటుందో కూడా తెలియాలి కదా అని బతిమాలితే చివరికి కూర్చున్నాడు. భుజాల మీద చెయ్యి దొర్లించాను. రాయి. రాగి సంగటి కట్టెతో కెలికే మనిషికి భుజాలు గట్టిగా ఉండటం మామూలే అనుకున్నాను. మెడకు వచ్చి, పుర్రె అంచున గాలి మడుగులో వేలు పెట్టాను. గుంట ఉండాల్సిన చోట గుంట లేదు. గోలీకాయంత ముడి. ఇంకో పక్కా అంతే. నేను అంత గట్టిగా నొక్కినా అతను కదల్లేదు. అబ్బా అనలేదు.

చొక్కా మెడ కిందికి లాగి చూశాను. చర్మం రంగులో కలిసిపోయిన పల్చటి పట్టీ. మొద్దు పట్టీ.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"నలభై తొమ్మిదో, యాభయ్యో అప్పుడు. సంగటి కట్టె తిప్పలేకపోతాంటి. వంటశాల పెట్టెలో ఉండినాయి పట్టీలు."

"పరీక్షకు కూడా దీంతోనే పోయినావా?"

"చెప్తే ఇద్దరమూ తప్పుతామని భయమేసింది మే. ఒకరన్నా పాసయితే, నిన్ను కూడా తీస్కపొమ్మని అడుగుదామని..."

"దిగనంటివి కదా నువ్వు?"

"నువ్వు తప్పినాక దిగకూడదనే అనుకున్యా. మెడ సంగతి నాకు తెలుసు గదా. నీకోసం ఆగిపోయినట్లు అనుకుంటావులే, నా నొప్పి తెలీదులే అనుకున్యా."

డాక్టరమ్మ చెప్పిన మాట చెవుల్లో తిరుగుతోంది. ఆ పట్టీతో అతను పడవ ఎక్కి ఉంటే, ఒక్క కుదుపు చాలు. పట్టీని అంచు పట్టుకుని మెల్లగా ఊడదీశాను. కాసేపటికి మొద్దు దిగిపోయి నొప్పి తెలిసింది అతనికి. పెద్ద మనిషి, పళ్లు బిగించి ఏడ్చాడు. నేను చేతులు తియ్యకుండా, షూఫెన్ చేసినట్టే, ముందు భుజం, తర్వాత మెడ, ఒకే లయలో చేస్తూ పోయాను.

బరువు 71

డాక్టరమ్మ దగ్గరికి అతన్నే ముందు నడవమన్నాను. నేను చెప్పలేదు, అతనే చెప్పాడు. ఆమె కోప్పడలేదు. మిషన్ కింద పడుకోబెట్టి నరాలు బాగున్నాయని చూసుకున్నాక ఊపిరి వదిలింది. "నిన్న తెలిసింది కాబట్టి సరిపోయింది" అంది నా వైపు చూసి. మద్దిలేటి పేరు పాసైనవాళ్లలోంచి కొట్టేశారు. ఇప్పుడు ఇద్దరమూ ఆఖరి పరీక్షకే.

సంగటి కట్టె వంటశాలలో ఇద్దరు తిప్పేలా మార్చారు. రెండు వైపులా పిడి పెట్టాను నేనే.

బరువు 84

రాయడానికి తీరిక దొరకడం లేదు. పొద్దున పలక మీద పని. మధ్యాహ్నం షూఫెన్ గుమ్మంలో మెడలు. ఇప్పుడు ఆమె చెయ్యి వెయ్యడం లేదు, పక్కన కూర్చుని చెబుతుంది. నాతో పాటు ఇంకో అయిదుగురు నేర్చుకుంటున్నారు. డాక్టరమ్మ ఒకామె. సాయంత్రం మద్దిలేటికి నేను, నాకు మద్దిలేటి. అతని చేతులు పెద్దవి, పిండి పిసికినట్టు పిసుకుతాడు. మొదట్లో నొప్పి పుట్టేది. ఇప్పుడు బాగా చేస్తున్నాడు.

నిన్న షూఫెన్‌ను నడిమి గదులకు తీసుకెళ్లారు, నేనూ తోడు వెళ్లాను. ఇక్కడి బరువులో ఆమె గుండె అలిసిపోతోంది. లిఫ్ట్ పైకి పోతుంటే బరువు తగ్గుతూ వచ్చింది, ఆమె ముఖంలో ముడతలు కూడా సడలుతూ వచ్చాయి. నడిమికి చేరాక నేల విడిచి తేలింది. రెండు బొటనవేళ్లూ చాపి, ముడిచి, చాపి చూసుకుంది.

"నొప్పి లేదు మే" అంది. "ఇక్కడ వీటితో మళ్లీ పని చెయ్యొచ్చు. ఎవరినైనా పంపు."

బరువు 96

ఆఖరి పరీక్ష.

నన్ను ముందు పిలిచారు. తల ఇంత బరువుంటుందని అనుకోలేదు. నీళ్లు నిండిన బిందెను మెడ మీద పెట్టినట్టుంది. కుడికి తిరిగాను. పచ్చ. ఎడమకు తిప్పాను. సగంలో పాత చోట నొప్పి తగిలింది. ఆగి, గడ్డం లోపలికి లాక్కుని, ఊపిరి వదిలి, మళ్లీ తిప్పాను. తెలుపు. "తెలుపు" అని చెప్పాను. చెప్పానో లేదో అనుమానమొచ్చి మళ్లీ చెప్పాను. వినిపించిందని అధికారి అన్నాడు.

మద్దిలేటి రెండు వైపులా తిరిగాడు. కానీ ఆలస్యంగా. రెండో దీపం ఆరిపోయాక రంగు చెప్పాడు. సరైన రంగే. అధికారి తన గడియారం చూసుకున్నాడు. ఒప్పుకోలేనని చెప్పాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఓడలో నాలుగో వంతు మంది తప్పారు. ఇంతమందిని శాశ్వతంగా వదిలెయ్యడం కుదరదని పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. కింద నీళ్లున్నాయి. నీళ్ల నుంచి ఇంధనం తియ్యొచ్చు. సరిపడా తీస్తే ఒక పడవను మళ్లీ పైకి పంపించి మిగిలినవాళ్లను దింపొచ్చు. దానికి కొండ వాగు నుంచి పడవలు దిగే చోటుదాకా గొట్టాలు వెయ్యాలి.

ఇద్దరం ఇంటికి నడిచాం. గుమ్మం దగ్గర మద్దిలేటి అన్నాడు.

"గొట్టాలు వేసేది ఎవురు?"

"నేనే."

"మరింకేం? పొయ్యి ఎయ్యి."

"నువ్వు దిగకపోతే నేనూ దిగనని అననా నేను?"

"అంటే నన్ను తేవడానికి పడవ యాడనుంచి వస్తాది మే?" అన్నాడు. ఈసారి నవ్వాడు. తల ఎడమకు తిప్పి, నా ముఖంలోకి చూసి నవ్వాడు.

పొద్దున్నే అతన్ని నడిమి గదులకు తీసుకెళ్లి షూఫెన్‌కు అప్పజెప్పాను. రోజు విడిచి రోజు రమ్మంది. మిగతా వేళల్లో బరువులోనే ఉండి కసరత్తు చెయ్యాలంది. ఊరగాయ తెస్తేనే చేస్తానని కూడా అంది.

నేల

ఇక్కడ బరువు మారదు. అందుకే పైన అంకె వెయ్యలేదు.

దిగిన మొదటి రోజుల్లో ఎవరికీ తల నిలవలేదు. భుజాల మధ్యకు కుంగిపోయి, తాబేళ్లలా తిరిగారు. పగలు గొట్టాలు, సాయంత్రం మెడలు. గుడారం బయట పెట్టె మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ చేశాను. రెండో వారం నుంచి చేయించుకున్నవాళ్లే ఇంకొకరికి చెయ్యడం మొదలుపెట్టారు. వాగు దగ్గర రాళ్ల మధ్య గొట్టం మూడుసార్లు జారిపోయింది. నాలుగోసారి నిలిచింది. నీళ్లు వచ్చిన పొద్దు గొట్టం మీద చెయ్యి ఆనించి అక్కడే కూర్చుండిపోయాను. తోటివాళ్లు ఎంత పిలిచినా లేవలేదు.

ఇంధనం నింపి పడవను పైకి పంపడానికి ఒక వానాకాలం పట్టింది. పైన మూడో పరీక్ష పెట్టారు. రేడియోలో పేర్లు చదువుతుంటే అతని పేరు రావడానికి చాలా సేపయింది. వచ్చింది.

ఇవాళ పడవ దిగింది. తలుపు తెరిచాక ఒక్కొక్కరే దిగారు. మద్దిలేటి రెండు చేతులూ మెట్ల కమ్మీ మీద వేసి, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. చిక్కిపోయాడు. మెడ నిటారుగా ఉంది. నేను దగ్గరికి వెళ్లి అతని తల పట్టుకున్నాను. పుర్రె కింద వేళ్లు పెట్టి చూశాను. గుంటలు రెండూ ఉన్నాయి.

"ఎట్లుంది?" అన్నాను.

"బరువుగుంది" అన్నాడు. "షూఫెనక్క నీ వేళ్లు ఎట్లున్నాయో అడగమంది. నాకైతే బాగనే ఉన్నాయని చెప్తా." ఒక నిమిషం పడుకుంటానని అక్కడే ఎర్రమట్టి మీద వెల్లకిలా పడుకున్నాడు. రెండు మాటలేవో అన్నాడు. అంతలోనే గురక పెడుతూ నిద్రపోయాడు.

అవతల కొత్తగా వచ్చినవాళ్లను వరుసలో నిలబెట్టి పేర్లు పిలుస్తున్నారు. మద్దిలేటి పేరు రెండుసార్లు పిలిచారు. కుర్రాడొకడు పరిగెత్తుకొచ్చి, ఆయన వచ్చారా, లేపమంటారా అని అడిగాడు.

"లేపద్దప్పా. ఉన్నాడని రాసుకోండి" అన్నాను.